పరీక్షకు ముందే ర్యాంకు: ఒక రిక్రూటింగ్ చందాతో నా నాలుగేళ్ళ కాపురం

నెలకు పది డాలర్ల పైచిలుకు. ఏడాదికి ఒకేసారి కడితే కాస్త తగ్గిస్తారు. మొదటి నెల మాత్రం ఒక్క డాలరే. నేను పడిపోయింది ఆ ఒక్క డాలరు దగ్గరే.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళకు ఈ చందాల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. లేనివాళ్ళ కోసం రెండు మాటలు. ప్రతి కాలేజీ జట్టూ ఏటా సుమారు పాతిక మంది హైస్కూలు కుర్రాళ్ళను సంతకం చేయించుకుని చేర్చుకుంటుంది. ఆ ఏడాది చేరినవాళ్ళందరినీ కలిపి ‘క్లాస్’ అంటారు. కుర్రాళ్ళకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇచ్చే సైట్లు నాలుగైదు ఉన్నాయి. ఆ నక్షత్రాల వెనక ఉన్న మార్కులన్నీ కూడి, ఏ కాలేజీ క్లాస్ దేశంలో ఎన్నోదో అవే ర్యాంకు వేస్తాయి. ర్యాంకు పేజీ ఎవరైనా ఉచితంగానే చూడవచ్చు. డబ్బు పుచ్చుకునేది ఆ ర్యాంకు రేపు ఎలా మారబోతుందో గుసగుసగా చెప్పినందుకు. నేను రాస్తున్నది అలాంటి ఒక చందా గురించి. సైటు పేరు చెప్పను. వాళ్ళతో నాకు డబ్బు తగాదా ఉంది, అది కింద వస్తుంది. పేరు తెలియకపోయినా నష్టం లేదు, ఈ సైట్లన్నిటి బాణీ ఇంచుమించు ఒక్కటే.

నా పక్షపాతం కూడా ముందే చెప్పుకోవాలి. నేను 2007లో సివిల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేయడానికి టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి వచ్చాను. వచ్చిన మూడో వారం శనివారం సీనియర్లు మా కాలేజీ ఫుట్‌బాల్ మైదానం కైల్ ఫీల్డ్‌కు లాక్కెళ్ళారు. అక్కడ విద్యార్థులు ఆట అయ్యేదాకా కూర్చోరు, ఆ సంప్రదాయం తెలియక నేను రెండుసార్లు కూర్చోబోయి రెండుసార్లూ జబ్బ పట్టుకుని లేపించుకున్నాను. నియమాలు ఒక్కటీ అర్థం కాలేదు. కాళ్ళు మాత్రం మూడు రోజులు నొప్పులు పెట్టాయి. ఇప్పుడు హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను, వంతెనలూ తూములూ డిజైన్ చేస్తాను, ఆ పిచ్చి ఇంకా వదల్లేదు.

2021 అక్టోబరు 9న అదే మైదానంలో మావాళ్ళు అలబామాను 41-38తో ఓడించారు. ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్, అంటే బంతిని తన్ని స్తంభాల మధ్యకు పంపడం. ఆ రాత్రి స్టాండ్స్‌లో, మైదానం అంచున, కాలేజీ చూసిపోవడానికి వచ్చిన హైస్కూలు కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళ మొహాలు ఎలా వెలిగిపోయాయో అని మర్నాటి నుంచి ఒకటే కథలు. కథ సగందాకా చదవనిచ్చి, అక్కడ తెర దించి, ‘మిగతాది చందాదారులకు’ అనేవారు. పాత వారపత్రికల్లో సీరియళ్ళు చదివి పెరిగినవాడిని, ‘సశేషం’ అంటే ఆగలేను. నవంబరులో ఒక డాలరు కట్టాను, డిసెంబరు మొదట్లో ఏడాది చందాకు మారాను.

డిసెంబరు 15, ముందస్తు సంతకాల మొదటి రోజు. ఆఫీసులో తూముల మీద సమావేశం. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను గానీ, ఏ కుర్రాడు సంతకం పెట్టినా చందా సైటు కబురుతో అది ‘టింగ్’మంటూ బల్లను కూడా వణికిస్తోంది. మా మేనేజరు వేలికి ఆగీ ఉంగరం, అంటే ఏ అండ్ ఎంలో చదివినవాళ్ళు పెట్టుకునేది, ఉంది, ఆయన సంగతి ఇట్టే పట్టేశాడు. నీటి ప్రవాహం గురించి మాట్లాడుతూనే కళ్ళతో ‘ఎవరు?’ అని అడుగుతాడు, నేను కాగితం మీద ‘డి.ఎల్.’ అని రాసి జరుపుతాను. డిఫెన్సివ్ లైన్ అని, ఎదుటి జట్టు దాడిని ఆపే ముందు వరస. ఆయన తల పంకించి తూము వ్యాసం గురించి మాట్లాడతాడు. ఆ ఒక్క పూటకు నా డాలర్లు నాకు గిట్టుబాటయ్యాయి, అది ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 2న రెండో విడత సంతకాలు ముగిసేసరికి ఏ అండ్ ఎం క్లాస్ దేశంలో మొదటిది. తర్వాత వరసగా అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్, టెక్సస్. మొదటిది అంటే ఆ ఏటికి మొదటిది అని మాత్రమే కాదు, నక్షత్రాలు ఇచ్చే సైట్లలో ఒకటైన 247స్పోర్ట్స్ లెక్కల్లో అప్పటిదాకా ఏ క్లాస్‌కూ రానన్ని మార్కులు దానికి వచ్చాయి. మా యూనివర్సిటీ ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లోని పాత తెలుగు మిత్రుల వాట్సాప్ బృందంలో ఆరుగురం ఉన్నాం, అందరం నలభైకి అటూ ఇటూ. ఆ సాయంత్రం మేం ప్రవర్తించిన తీరు మా పిల్లలు చూడకూడదు. వరంగల్ మిత్రుడు ఒకడు, “అన్నా, మూడేళ్ళలో రెండు టైటిళ్ళు, రాసి పెట్టుకోండి” అన్నాడు. ఇంకొకడు హ్యూస్టన్‌లో మన దుకాణాలుండే హిల్‌క్రాఫ్ట్‌కు వెళ్ళి మిఠాయి కొని, ఆ పెట్టె ఫొటో పెట్టాడు. నేను తెనాలికి ఫోను చేసి మా నాన్నకు చెప్పాను. ఆయన రిటైర్డ్ లెక్చరర్. కాలేజీ పేరు, ర్యాంకు అనే రెండు మాటలు వినగానే చదువు సంగతి అనుకుని సంతోషించారు. తర్వాత వివరం విని అడిగారు: “ఆటలు సెప్టెంబరులో అంటున్నావు. పరీక్ష రాయకముందే ర్యాంకు ఎలా వచ్చిందిరా?”

నా దగ్గర జవాబు లేదు. మనవైపు ఫలితాలు వచ్చిన రోజు టీవీలో ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు, మూడు అని ఊపిరి తీసుకోకుండా చదివే ప్రకటనలకు మనం నవ్వుకుంటాం. పాపం వాళ్ళు పరీక్ష అయ్యాకే అరుస్తారు.

సరే, వస్తువు విషయానికి వస్తాను. ఈ చందాలో నాకు దొరికిన వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒక లెక్కల పరికరం. అది ఎలా పనిచేస్తుందో చెబితే ర్యాంకు ఎలా తయారవుతుందో కూడా తెలుస్తుంది. 247స్పోర్ట్స్ సొంత కొలత ప్రకారం 98, ఆపైన వస్తే ఐదు నక్షత్రాలు, 90 నుంచి 97 దాకా నాలుగు, 80ల్లో ఉంటే మూడు. ఐదు నక్షత్రాలవాళ్ళను దేశం మొత్తంలో దాదాపు 32 మందికే పరిమితం చేస్తారు. ఎందుకంటే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే తంతు, మొదటి రౌండులో 32 ఎంపికలు ఉంటాయి. అంటే ఆ నక్షత్రాలు, ‘మూడు నాలుగేళ్ళ తర్వాత ఈ కుర్రాడు మొదటి రౌండులో పోతాడు’ అనే జోస్యం. జట్టు మార్కులకు మాత్రం మామూలు కూడిక కాదు. క్లాస్‌లో అందరికంటే గొప్పవాడి మార్కులకు పూర్తి బరువు, తర్వాతివాడికి కొంచెం తక్కువ, అలా గంట ఆకారపు వంపు మీద జారుకుంటూ పోతుంది. ఇరవై దాటాక చేరినవాడు కలిపేది చిటికెడు. నేను ఇంజనీర్ని కనుక ఈ సూత్రం నాకు నచ్చింది. మూడు నక్షత్రాలవాళ్ళను మందగా తోలుకొచ్చి ర్యాంకు కొట్టేయడం కుదరదు. అలాగని మరీ చిన్న క్లాస్‌తో పైకి రావడం కూడా కష్టమే.

ఇప్పుడు ఆ పరికరం. ఇంకా సంతకం చేయని కుర్రాణ్ణి మన క్లాస్‌లో వేసి చూసుకోవచ్చు, వేయగానే ర్యాంకు ఎంతకు ఎగబాకుతుందో చూపిస్తుంది. రాత్రి పదకొండు గంటలకు వంటింట్లో నిలబడి, ఒక చేతిలో పెరుగన్నం గిన్నె, రెండో చేతి బొటనవేలితో, ఫ్లోరిడా కుర్రాణ్ణొకణ్ణి మా క్లాస్‌లో వేసి తీసి మళ్ళీ వేస్తున్నాను. వేస్తే ఒక మెట్టు పైకి, తీస్తే ఒక మెట్టు కిందికి. మా ఆవిడ నీళ్ళకని వచ్చి భుజం మీదుగా చూసింది.

“ఆ కుర్రాడి వయసెంత?”

“పదిహేడు.”

“వాళ్ళమ్మకు తెలుసా, మీరు వాణ్ణి ఇలా అటూ ఇటూ పెడుతున్నట్టు?”

నవ్వేశాను గానీ ఆ మాట గుచ్చుకుంది. సంతకాల రోజున కుర్రాడి ముందు బల్ల మీద మూడు టోపీలు పెడతారు, వాడు ఏ టోపీ తలకు పెట్టుకుంటే ఆ కాలేజీ. 2018లో ఇలాంటి తంతు టీవీలో ప్రత్యక్షంగా వస్తుండగా ఒక తల్లి అలబామా చొక్కా వేసుకుని కొడుకు పక్కన కూర్చుంది. వాడు ఫ్లోరిడా అన్నాడు. ఆమె లేచి వెళ్ళిపోయింది, కాసేపటికి తిరిగొచ్చి వాణ్ణి కౌగిలించుకుంది. కన్నతల్లే తట్టుకోలేకపోతే, ఏ సంబంధమూ లేని నేను వంటింట్లో గిన్నె పట్టుకుని ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు.

ర్యాంకు వచ్చాక అభిమానులు మాట్లాడే మాటలు ఈ నాలుగేళ్ళలో నాకు కంఠతా వచ్చాయి. మా పక్కింటి పెద్దాయన టెక్సస్ లాంగ్‌హార్న్, అంటే మా పోటీదారు టెక్సస్ యూనివర్సిటీ అభిమాని, ఆటల కాలంలో గుమ్మానికి నారింజ జెండా కడతాడు. ఆ ఏడు వాళ్ళది ఐదో ర్యాంకు. చెత్తడబ్బా రోడ్డు మీదికి లాగుతూ నాతో అన్నాడు: “మొత్తం మార్కులు చూడకు. తలకు ఎంత పడిందో చూడు.” సగటు అన్నమాట. క్లాస్ చిన్నదైన ఏడు అందరికీ సగటు గుర్తొస్తుంది, పెద్దదైన ఏడు మొత్తం గుర్తొస్తుంది. ర్యాంకు పైకి వస్తే ‘నక్షత్రాలు అబద్ధం చెప్పవు’. కిందికి పోతే ‘మా కోచ్ మట్టిలో మాణిక్యాలను ఏరుతాడు’. మనకు మాట ఇచ్చినవాడు చివరి రోజు పక్కవాళ్ళ టోపీ పెట్టుకుంటే, వాడి మోకాలి సంగతి ముందే అనుమానంగా ఉందని అందరికీ అప్పుడే జ్ఞాపకం వస్తుంది. ఇక ఫలానా పెద్ద కాలేజీకి మాట ఇవ్వగానే కుర్రాడి మార్కులు పెంచుతారని ఒక నమ్మకం ఉంది, దాన్ని కదిలించడం బ్రహ్మతరం కాదు. ఆ పెద్ద కాలేజీ వాళ్ళే మా గురించి అదే మాట అంటారని ఆ ఏడే తెలిసింది. మొదటి ర్యాంకు వాళ్ళకు తెలియనిది ఒకటుంటుంది, వాళ్ళను ఎవరూ నమ్మరు.

నమ్మలేదు కూడా. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీదా బొమ్మ మీదా డబ్బు సంపాదించుకోవచ్చని నిబంధన మారింది. అది మారాక వచ్చిన మొదటి పూర్తి క్లాస్ ఇదే. కుర్రాళ్ళ కోసం మూడు కోట్ల డాలర్లు పోశారని పేరు లేని పుకారు ఒకటి దేశమంతా తిరిగింది. సంతకాల రోజునే మా అప్పటి కోచ్ జింబో ఫిషర్ విలేకరుల ముందు మండిపడి, అదంతా కల్పన అన్నాడు. మే నెలలో అలబామా కోచ్ నిక్ సేబన్ బహిరంగంగా ఏ అండ్ ఎం ఆటగాళ్ళను కొనుక్కుందన్నాడు, మర్నాడు ఫిషర్ తిరిగి విరుచుకుపడ్డాడు. ఆ రెండు రోజులు నా చందా సైటు కుదేలైపోయి పేజీ తెరుచుకోలేదు. డబ్బు కట్టినవాళ్ళకూ తెరుచుకోలేదు. ఉచితంగా చదివేవాళ్ళ కంటే ఓ పిసరు ముందు తెరిచి ఉంటే బాగుండేది, దానికే కదా కట్టింది.

2022 సెప్టెంబరు 10. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మొదటిసారి కైల్ ఫీల్డ్‌కు తీసుకెళ్ళాను. లక్షా రెండు వేల చిల్లర మంది పట్టే మైదానం, వాడు మెట్ల మొదట్లోనే ఆగిపోయి నోరు తెరిచి చూశాడు. ఎదుటి జట్టు అపలాచియన్ స్టేట్. మనం డబ్బిచ్చి పిలిపించుకున్న చిన్న జట్టు, గెలవడానికి పిలుస్తారు ఇలాంటివాళ్ళను. మాది దేశంలో ఆరో జట్టు. దారి పొడుగునా ఐదు నక్షత్రాల పేర్లన్నీ వాడికి వల్లె వేయించాను. అరవై నిమిషాల ఆటలో నలభై నిమిషాలకు పైగా బంతి వాళ్ళ చేతిలోనే ఉంది. 17-14. వాళ్ళకు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు హైవే 6 మీద వాడు వెనక సీటులోంచి అడిగాడు, “నాన్నా, వాళ్ళది ఎన్నో ర్యాంకు?” ఫోను వాడి చేతికిచ్చి చూసుకోమన్నాను. చాలాసేపు పేజీ కిందికి లాగుతూనే ఉన్నాడు.

ఆ ఏడు 5 గెలిచి 7 ఓడాం. నిజానికి అది అన్యాయమైన కొలత. ఆ క్లాస్‌లో ఉన్నవాళ్ళు అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్లలు, మైదానంలో సగం బరువు పైతరగతివాళ్ళదే. మొదటి సంవత్సరం ఫలితానికి కొత్త క్లాస్‌ను తిట్టడం, వియ్యపురాలి వంట బాగాలేదని కొత్తకోడలిని అన్నట్టు ఉంటుంది. ఆ సీజన్‌లో నాకు గుర్తున్న మంచి రాత్రి ఒకటే. అక్టోబరు 29న ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) మీద కానర్ వీగ్‌మన్‌కు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి దాడి నడిపేవాడిగా, మొదటిసారి ఆట మొత్తం అప్పగించారు. మా ఇంటికి దగ్గరలోని సైప్రస్ ఊరి బ్రిడ్జ్‌లాండ్ హైస్కూలు కుర్రాడు, మా క్లాస్ ఐదు నక్షత్రాల్లో ఒకడు. నాలుగు టచ్‌డౌన్లు విసిరాడు. 31-28తో ఓడిపోయాం, అయినా వాట్సాప్‌లో ఆ రాత్రి మళ్ళీ మిఠాయి ఫొటోలు వచ్చాయి.

డిసెంబరు వచ్చింది. ఫోను మళ్ళీ ‘టింగ్’మనడం మొదలెట్టింది. ఈసారి వచ్చేవాళ్ళవి కావు, పోయేవాళ్ళవి. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు వేసుకుంటే ఇంకో కాలేజీకి వెళ్ళిపోవచ్చు. ఏడాది తిరగకుండానే ఆ మొదటి ర్యాంకు క్లాస్‌లోంచి ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు. నాకు నచ్చనిది ఇక్కడ చెప్పాలి. చేరినప్పుడు వాయించిన గంట, వెళ్ళినప్పుడూ అదే గంట, అదే మా జట్టు మెరూన్ రంగు, అదే ఆశ్చర్యార్థకం. పెళ్ళి బ్యాండునే అన్ని శుభాశుభాలకూ పిలిచినట్టు. అమరికల్లోకి వెళ్ళి చూశాను, ‘వచ్చేవారు’, ‘పోయేవారు’ అని విడిగా గంట మార్చుకునే వీలు లేదు. పెట్టండి అని రాశాను. మీ అభిరుచికి కృతజ్ఞతలు అని జవాబు వచ్చింది.

2023 నవంబరు 11న మిసిసిపీ స్టేట్‌ను 51-10తో కొట్టాం. మర్నాడు ఫిషర్‌ను తీసేశారు. ఒప్పందం ప్రకారం ఇంటికి పంపినందుకు ఆయనకు కట్టాల్సింది ఏడు కోట్ల అరవై లక్షల డాలర్లకు పైనే. ఆయన ఒప్పందానికీ నా చందాకూ తేడా అప్పుడు తెలిసింది. ఆయన్ని మానిపిస్తే ఆయనకు డబ్బు, నేను మానేస్తే నాకే ఖర్చు.

ఎలాగంటే, ఆ వారమే విరక్తి పుట్టి చందా రద్దు చేయబోయాను. మొదటి పేజీలో ‘నిజంగానా?’ అని అడిగింది. రెండో పేజీలో సగం ధరకు ఇస్తానంది. మూడో పేజీలో కారణం చెప్పమంది, జాబితాలో ‘మొదటి ర్యాంకు’ అనే కారణం లేదు. నాలుగో పేజీలో పెద్ద మెరూన్ మీట మీద ‘కొనసాగించు’, దాని కింద చీమ తలకాయంత బూడిదరంగు అక్షరాల్లో ‘రద్దు’. నొక్కాను. అయిపోయిందనుకున్నాను. ఐదో పేజీ ఒకటి ఉందట, అక్కడ ఇంకోసారి నొక్కాలట. డిసెంబరులో ఏడాది డబ్బు కార్డులోంచి వెళ్ళాక తెలిసింది. మాట్లాడటానికి ఫోను నంబరు లేదు. చాట్‌లో ముగ్గురు మారారు, ముగ్గురూ నన్ను మొదటి నుంచీ చెప్పమన్నారు, ముగ్గురూ వాపసు లేదన్నారు. నాలుగో పేజీ తర్వాత ఐదోది ఉంటుందని నిబంధనల్లో ఉందని మూడోవ్యక్తి ఎంతో మర్యాదగా చెప్పాడు.

డబ్బు పోయింది కదా అని 2024 అంతా పట్టుబట్టి చదివాను. తిట్టుకుంటూ చదివినా, ఒక మంచి దొరికింది. ర్యాంకుల పక్కన, ఎవరూ పెద్దగా పట్టించుకోని మూల, శుక్రవారం రాత్రి హైస్కూలు ఆటల గురించి రాసే ఒక శీర్షిక ఉంటుంది. అది రాసేవాడు నక్షత్రాల ఊసెత్తడు. లైన్‌మన్ ఎడమ పాదం ముందు పడుతోందా కుడి పాదమా, బంతి వదిలాక క్వార్టర్‌బ్యాక్ తుంటి ఎటు తిరిగింది, ఓడిపోతున్న నాలుగో క్వార్టర్‌లో రిసీవర్ తనవైపు రాని ఆటలో ఎదుటివాణ్ణి అడ్డుకుంటున్నాడా లేదా, ఇవి రాస్తాడు. ఆటను పదిహేడేళ్ళుగా చూస్తున్నానని అనుకునేవాణ్ణి. బంతిని చూస్తున్నానని ఇతన్ని చదివాకే తెలిసింది. అతని రాతల వల్లే మావాణ్ణి తీసుకుని కేటీ లెగసీ స్టేడియంకు వెళ్ళాను. స్కూలు పిల్లల ఆటకు ఏడు కోట్ల డాలర్ల పైచిలుకుతో కట్టిన 12,000 సీట్ల కట్టడం, కాంక్రీటు పని బాగుంది. అక్కడ ఒక లైన్‌మన్, పేరు ఏ జాబితాలోనూ లేదు, ప్రతి ఆటలోనూ ఎదుటివాణ్ణి పడగొట్టి, చేయందించి లేపుతున్నాడు. మావాడు మూడు గంటలూ నాచోస్ తింటూ అతన్నే చూశాడు. చందాలో నేను మెచ్చుకునేది ఈ శీర్షిక ఒక్కటే. నిజం చెప్పాలంటే, దీన్నొక్కదాన్నే విడిగా అమ్మితే నెలకు ఐదు డాలర్లు ఎదురు మాట్లాడకుండా ఇస్తాను. అమ్మరు.

జోస్యాల విభాగం మాత్రం దండగ. ఫలానా కుర్రాడు ఎక్కడికి వెళతాడో చెప్పి, పదికి ఎంత నమ్మకమో పక్కన అంకె వేస్తారు. ఒకాయన ఒక కార్నర్‌బ్యాక్ మనవాడే అని ఎనిమిది వేశాడు. తెల్లారేసరికి అదే ఎనిమిదితో వాణ్ణి పక్క రాష్ట్రానికి పంపేశాడు. మధ్యలో ఏం జరిగిందో ఒక్క వాక్యం లేదు. మా ఊళ్ళో చిలక జోస్యం చెప్పేవాడు కనీసం కార్డు మనకు చూపించేవాడు. ఈ మధ్య డబ్బు కబుర్లు కూడా ఇందులో కలిశాయి. 2025 జులై నుంచి కాలేజీలే తమ ఆదాయంలోంచి ఆటగాళ్ళకు నేరుగా ఇవ్వవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల పరిమితి. ఇక కుర్రాడి మనసు గురించి రాసే ప్రతి వ్యాసం అడుగునా ఒక అంకె కదులుతూ ఉంటుంది. ఆ అంకె ఎంతో చెప్పరు, ఉందని మాత్రం కన్ను గీటుతారు.

నక్షత్రాలు వేసేవాళ్ళ పట్ల న్యాయంగా ఉండాలంటే 2025 ఏప్రిల్ సంగతి చెప్పాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండు చూస్తున్నాను. 16వ ఎంపిక వాల్టర్ నోలెన్, అరిజోనా కార్డినల్స్. వెంటనే 17వ ఎంపిక షెమార్ స్టూవర్ట్, సిన్సినాటి బెంగాల్స్. ఇద్దరూ డిఫెన్సివ్ లైన్, ఇద్దరూ ఆ 2022 క్లాస్ ఐదు నక్షత్రాలవాళ్ళు. నేను తూముల సమావేశంలో కాగితం మీద రాసిన డి.ఎల్. ఇలాంటివాళ్ళే. మూడేళ్ళ కిందట వాళ్ళ గురించి వేసిన జోస్యం అక్షరాలా నిజమైంది. అయితే స్టూవర్ట్ పేరు పక్కన ఏ అండ్ ఎం అని వచ్చింది, నోలెన్ పేరు పక్కన ఓల్ మిస్ అని. మధ్యలో వెళ్ళిపోయాడు కదా. ఎవరు గట్టివాడో వాళ్ళు బాగానే తూచారు. ఎవరు ఉంటారో, ఎవరితో ఎవరు కలుస్తారో తూచలేదు, తూస్తామని వాళ్ళు ఎక్కడా అనలేదు కూడా. ఇటుకల లోడు చూసి మేడ కట్టేసినట్టు మిఠాయి పంచుకుంది మేము.

వీగ్‌మన్ కూడా 2025కు హ్యూస్టన్ యూనివర్సిటీకి మారాడు. సొంతూరికి దగ్గరయ్యాడని సంతోషించాను, అసూయ కూడా పడ్డాను. అదే ఏడు ఏ అండ్ ఎం వరుసగా 11 ఆటలు గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్. అతను 2023 క్లాస్, అంటే ర్యాంకుల్లో మొదటి పదిలో కూడా లేదని మా వాట్సాప్ బృందం రెండు రోజులు అన్నం మానేసిన క్లాస్. ఆ రోజు వరంగల్ మిత్రుడు రాసిన మాటలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఏదైనా పెళ్ళిలో కలిసినప్పుడు అతని మామగారికి చూపిస్తానని బెదిరిస్తుంటాను. తర్వాత టెక్సస్ చేతిలో 27-17తో ఓడాం, పక్కింటి పెద్దాయన ఆ వారమంతా చెత్తడబ్బా లాగడానికి నా కోసం ఎదురు చూశాడు. డిసెంబరు 20న ప్లేఆఫ్‌లో మయామీ మా మైదానానికే వచ్చి 10-3తో గెలిచి వెళ్ళింది. మావాడికి ఇప్పుడు పన్నెండేళ్ళు, వాడు ఈసారి ర్యాంకు అడగలేదు. మయామీ లైన్ మొదటి అడుగు మనవాళ్ళ కంటే ముందు పడుతోందని రెండో క్వార్టర్‌లోనే చెప్పాడు.

ఇంతకీ చందా మళ్ళీ తీసుకున్నానా అంటే, తీసుకున్నాను. 2025 ఆగస్టులో ఒక డాలరు బేరం మళ్ళీ పెట్టారు. వేరే కార్డు, వేరే ఈమెయిలు. డిసెంబరు 3న సంతకాల రోజున పొద్దున్నే ఐదింటికి లేచాను, కాఫీ డికాక్షన్ దిగేలోపు ఫోను గంట మూడుసార్లు మోగింది. తీసుకోదలచినవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఏడాదికి కట్టవద్దు, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నెల నెలా కట్టండి, ఫిబ్రవరిలో రద్దు చేసేటప్పుడు ఐదో పేజీ దాకా వెళ్ళండి. రద్దయిందని ఈమెయిలు వచ్చేదాకా ఆ కిటికీ మూయకండి. శుక్రవారపు శీర్షిక పైన కనబడదు, అడ్డగీతల గుర్తు నొక్కితే అట్టడుగున ఉంటుంది. గంటలన్నీ ఆపేసి ఆ ఒక్కటే ఉంచుకోండి.

నేను క్యాలెండర్‌లో గడువుకు వారం ముందు గుర్తు పెట్టుకున్నాను. నన్ను నమ్మక మా ఆవిడ తన ఫోనులోనూ పెట్టుకుంది. దానికి ఆమె పెట్టిన పేరు మొన్న చూశాను: ‘ఆ కుర్రాడి వయసెంత?’